పరిగి చెఱువు – ధాత సంవత్సరపు కఱవు

హిందూపురమునకు ఉత్తరముగా, పెన్నేటితో జయమంగళి కలియు తావునకు చేరువలో పరిగి యను గ్రామము కలదు. అది యిప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండలమునకు ముఖ్యస్థానము. పేరు విన్న మాత్రమున చిన్న యూరుగా తోచును గాని శాసనములు చదివినవారికి అది చిన్న యూరు కాదు. ప్రాచీన శాసనములలో పరువి యనియు పరివి యనియు కానవచ్చు పురము ఈ పరిగియే యని శాసనవేత్తలు నిర్ణయించిరి. బాణరాజులు తమ బిరుదావళిలో నందిగిరినాథులమని చెప్పుకొనుటతోబాటు పరివిపురమునకు ప్రభువులమనియు చెప్పుకొనిరి. క్రీస్తుశకము 5వ శతాబ్దికి చెందినదిగా ఎంచబడుచున్న పెనుకొండ తామ్రశాసనమున గంగరాజైన మాధవుడు ఒక బ్రాహ్మణునకు పరువి విషయమున, పరువి చెఱువు క్రింద, 65 కేదారములు దానము చేసినట్లున్నది. కేదారమనగా వరిమడి. ఈ యూరి పేరు తొలుదొల్త చెవిని బడునప్పటికే అచ్చట చెఱువు నిండియున్నది. దాని క్రింద వరి పండుచున్నది. దానమిచ్చిన రాజవంశము పోయినది. పుచ్చుకొన్నవాని సంతతి యేమైనదో ఎవరికి నెఱుక? చెఱువు పేరు మాత్రము ఊరి పేరుతో కలిసి నేటివఱకు వచ్చినది.

అనంతపుర ప్రాంతమంతటను వాన తక్కువ. సాలునకు సగటున 22 అంగుళములు కురియుట గగనము. నైరృతి ఋతుపవనము తన నీటిలో పెక్కుపాలు పడమటి కనుమలలోనే కురిసి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరముననే అలసిపోవును. ఈ సీమ రెంటికిని చెడినది. ఇట్టి చోట నిలిచిన నీరే పంట, పంటయే ఊరు. కావున ఆపద గడచిన పిదప ఈ ప్రాంతమునకు జరిగిన సాయమును తూచుటకు చెఱువుకట్టను మించిన త్రాసు లేదు. ఎందఱకు గంజి పోసిరి యనుట ఒక లెక్క. ఆ గంజి త్రావి బ్రదికినవాడు ఏ యెద్దులతో, ఏ విత్తనముతో, ఏ నీటి దాపునకు తిరిగి వెళ్లెననుట మఱియొక లెక్క. 1876–78 నాటి మహాక్షామమును గూర్చిన గ్రంథములలో మొదటి లెక్క విస్తారముగా నున్నది. రెండవ లెక్క అచ్చటచ్చట చెదరి యున్నది; దానిని కూర్చి చూచిననే గాని ఆ నాటి సాయము యొక్క విలువయు కొఱతయు తెలియవు.

పూర్వులు ఈతిబాధలు ఆఱని చెప్పిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు – ఈ యైదింటి తరువాత ఆఱవది దాపున నున్న రాజులు. ప్రకృతి చేయు కీడుల వరుసలో రాజులను కూర్చోబెట్టుట కొందఱకు వింతగా తోచవచ్చును గాని పెనుకొండ సీమ చరిత్ర నెఱిగినవారికి అందు వింత లేదు. 1565లో రాక్షసి–తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలిన తరువాత తిరుమలరాయలు విజయనగరమును విడిచి పెనుకొండను రాజధానిగా చేసికొనెను. అది మొదలు ఈ నేల సుల్తానుల సేనలకును, పిదప మరాఠులకును, మైసూరు ప్రభువులకును త్రోవయైనది. సేన నడచిన త్రోవలో గడ్డివాములు మిగులవు, ఎద్దులు మిగులవు, చెఱువుకట్టకు కాపు మిగులదు. వానలు బాగుగ కురిసిన యేట సయితము గండి పడిన చెఱువు క్రింద కఱవే పండును. అనావృష్టిని, ప్రత్యాసన్నరాజులను ఒకే వరుసలో లెక్కించినవారు పొలముగట్టు మీద నిలిచి లెక్కించిరి.

ఆపద తరువాత ఊరు మరల లేచుటకు ఈ దేశమున నొక ఏర్పాటు పూర్వమునుండియు కలదు. అది దయాధర్మము మీద మాత్రమే ఆధారపడినది కాదు. తటాకనిర్మాణము సప్తసంతానములలో ఒకటి. అనగా కుమారుని కనుటతో సమానమైన పుణ్యము. ఇది కట్టువానికి ప్రేరణ. ఐతే కట్టిన చెఱువును ఏటేట కాపాడువానికి పుణ్యము చాలదు, గింజలు కావలెను. అందులకై కన్నడ శాసనములలో బిత్తువట్ట మనబడు భూమి కనబడుచున్నది. దత్తమండలములలో దీనికి సాటియైనది దశబంధము. చెఱువును త్రవ్వించినవానికో, మరమ్మతు చేయువానికో దాని క్రింది భూమిలోగాని రాబడిలోగాని కొంతభాగమును ఇనాముగా విడుచుట దీని పద్ధతి. మొదట పదవవంతగుటచే ఆ పేరు వచ్చినది. ఊరిలో నీరుగంటి యుండును. తూము తెఱచుట, మూయుట, ఏ మడికి ఎంత నీరని చూచుట వాని పని. కట్టమీద ఎలుకబొఱియ కనబడిన వెంటనే ఊరికి చెప్పువాడును వాడే.

కడప మండలమున పోరుమామిళ్ల శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములును, చెఱువునకు తగులు ఆఱు దోషములును అందు చెప్పబడినవి. ధర్మవంతుడైన ప్రభువు, జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టి నేల, మంచినీటి యేఱు, పనివారి సమూహము మున్నగునవి సాధనములు. ప్రతిదినము వేయిమంది కూలీలును, నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిన యట్లు అందే కలదు. వేయిమందికి రెండేండ్లు కూలి దొఱకిన దనియు, ఆ కూలి ముగిసిన పిమ్మట ఒక చెఱువు మిగిలిన దనియు ఆ శాసనమును చదువవచ్చును. ఐదు వందల యేండ్ల తరువాత ఇంగ్లీషు దొరలు కఱవు పనులను గూర్చి కాగితముల మీద వాదులాడుకొన్నప్పుడు వారెవరును ఆ శాసనమును తలచినట్లు లేదు.

కట్ట తెగుట యన్నది ఈ సీమవారి గుండెలలో ఎంత లోతున నున్నదో బుక్కరాయసముద్రపు ముసలమ్మ కథ చెప్పును. తెగనున్న కట్టను నిలుపుటకై ఆ యూరి కోడలు బలియైన దని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని ముసలమ్మ మరణమను కావ్యముగా వ్రాసిరి. కథలో సత్యమెంతయో చరిత్రకారుడు నిర్ణయింపలేడు. అట్టి కథ పుట్టుటకు తగిన భయము ఇచ్చట నుండె ననుట మాత్రము సత్యము.

1800లో నైజాము ఈ మండలములను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసెను. అందుచేతనే దత్తమండలములను పేరు. 1807 వఱకు ఇచ్చట ముఖ్య కలెక్టరుగా నున్న థామస్ మన్రో వచ్చినప్పుడు దేశము పాలెగాండ్ర చేతులలో చీలికలై యుండెను. 80 మంది పాలెగాండ్రను ఆయన లోబఱచుకొనవలసి వచ్చెను. యుద్ధములచే చెడిన రైతునకు ఆయన కాలమున నిచ్చిన సాయము తక్కావి. విత్తనములకును, ఎద్దులకును, బావుల చెఱువుల మరమ్మతునకును సర్కారు ముందుగా సొమ్మిచ్చి పంట వచ్చిన పిదప రాబట్టుకొనుట దాని పద్ధతి. దానిని కంపెనీవారు క్రొత్తగా కనిపెట్టలేదు, మునుపటి ప్రభుత్వములనాటిదే. తక్కావి దానము కాదు, అప్పు. ఐనను అది రైతును బిచ్చగానిగా చూడలేదు. పంట పండింపగలవాడని నమ్మి యిచ్చినది. ఈ భేదము తరువాతి కథకు ముఖ్యము.

కంపెనీ రాజ్యమున పాత యేర్పాటు నెమ్మదిగా సడలినది. రాబడి సర్కారుది, మరమ్మతు ఎవరిదో తెలియని స్థితి వచ్చినది. దశబంధపు ఇనాములు అనుభవించుచున్నవారిలో పెక్కుమంది కట్టవంక చూడరైరి. 1851 మే నెలలో వచ్చిన గొప్ప గాలివానకు బళ్లారి మండలమున పెక్కు చెఱువులు తెగిపోయినవి. ఊరివారు కూడి చేయవలసిన కుడిమరామతు పనిని నిర్బంధము చేయుచు 1858లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసెను. అలవాటుగా నడచుచున్నదానికి చట్టము కావలసివచ్చెననగా అలవాటు చెడినదనియే అర్థము. అప్పటికి అనంతపురము వేఱు జిల్లా కాదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, మడకశిర తాలూకాలన్నియు బళ్లారిలోనివే. 1882లోగాని విడిపోలేదు.

ఈ స్థితిలో ధాత సంవత్సరము వచ్చినది. 1876లో నైరృతి వాన తప్పినది, ఈశాన్యమును తప్పినది. రాయలసీమలో పెద్దలు ధాత కఱవని చెప్పుకొనుచు వచ్చినది దీనినే. ఇది ధాతతో తీఱలేదు, ఈశ్వర సంవత్సరమంతయు సాగినది. ఆ వెనుక వచ్చిన యేటి పేరు బహుధాన్య. పంచాంగమునకు పరిహాసము తెలియదు గాని ఆ మూడు పేర్లును వరుసగా చదివినపుడు పరిహాసమువలెనే యుండును.

హిందూపురము ప్రాంతమున జనుల ముఖ్యాహారము రాగి. రాగి పాతరలో ఏండ్లతరబడి చెడక నిలుచును. పాతరలు గల రైతు ఒక యేడు వాన తప్పినను నిలువగలడు. పాతర లేని కూలివాడు ఒక నెల నిలువలేడు. పొలములో పని లేనినాడే వాని యింట పొయ్యి ఆఱును. కఱవు మొదట తగులునది మాలపల్లె, మాదిగపల్లెలను; తరువాత నేతగాండ్రను, ఏలయన తిండికి లేనినాడు బట్ట కొనువాడుండడు; ఆ పిమ్మట చిన్న రైతును. రైతు మొదట ఇత్తడి సామాను అమ్మును, తరువాత నగలు, చివరకు విత్తనపు గింజలు తినును. ఎద్దులు అంతకు ముందే పోవును. విత్తనము తిని, ఎద్దులు పోగొట్టుకొన్న రైతు ప్రాణముతో నున్నను రైతు కాడు. కఱవు చంపినవారి లెక్కలో వాడు చేరడు.

మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. ఆయన ప్రభుత్వము 1876 చివర ఒక వర్తకసంస్థ ద్వారమున రహస్యముగా 30,000 టన్నుల ధాన్యము కొని నిలువచేసెను. వ్యాపారములో సర్కారు వేలు పెట్టరాదను సిద్ధాంతమునకు ఇది విరుద్ధమని భారత ప్రభుత్వము ఆక్షేపించెను. ఆ దినములలోనే 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ మహాదర్బారు జరిపి విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించెను. గవర్నరులందఱును అచ్చటికి వెళ్లిరి.

ధాన్యము దేశమున నెచ్చటనో యున్నది. అది వచ్చు త్రోవ వేఱు కథ. మద్రాసునుండి రాయచూరు పోవు రైలుమార్గము 1871 నాటికే తాడిపత్రి, గుత్తిల మీదుగా ఏర్పడినది. హిందూపురమునకు రైలు 1890 తరువాతగాని రాలేదు. కావున గుత్తిలో దిగిన మూట హిందూపురము తాలూకా చేరుటకు తొంబది మైళ్లకు తక్కువ కాని దూరము ఎద్దుబండి మీద రావలెను, అదియు ఎద్దులు మేతలేక చచ్చుచున్న యేట. దక్షిణమున బెంగుళూరు దగ్గఱయే, అచ్చట రైలును కలదు. కాని మైసూరు దేశమే అప్పుడు కఱవుతో మాడుచుండెను. హిందూపురము, మడకశిరలు మూడుప్రక్కల మైసూరు సీమచే చుట్టబడినవి. తమకంటె మేలుగా నున్న పొరుగువాడు లేని కఱవు అది.

జనవరిలోనే వైస్రాయి సర్ రిచర్డ్ టెంపుల్‌ను క్షామప్రతినిధిగా దక్షిణమునకు పంపెను. ఆయన చరిత్ర విచారింపదగినది. 1873–74లో వంగ, బీహారు దేశములలో కఱవు వచ్చినపుడు ఆయన బర్మానుండి బియ్యము తెప్పించి జనులను కాపాడెను. చచ్చినవారు మిక్కిలి తక్కువ. అందులకు ఆయనకు దక్కినది దుబారా చేసెనను నింద. ఆ నింద మాపుకొనుటకో యన్నట్లు 1877లో మద్రాసునకు పొదుపును వెంటబెట్టుకొని వచ్చెను. అర్హులు కానివారు పనులలో చేరియున్నారని వేలకొలది జనులను తొలగింపించెను. కూలి తగ్గింపించెను. దినమంతయు మట్టి మోయు మగవానికి ఒక పౌను ధాన్యమునకు సరిపడు వెలయు, దానిపై ఉప్పుకు కూరకు కొలది నాణెమును చాలునని ఆయన మతము. పౌను అనగా నలుబది తులములకు కొంచెము తక్కువ. ఆడువారికిని పిల్లలకును ఇంకను తక్కువ. దీనికే టెంపుల్ కూలి యని పేరు వచ్చినది.

దీని నెదిర్చినవాడు మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు విలియం రాబర్ట్ కార్నిష్. ఆయన వాదము సానుభూతి మీద కాక దేహతత్త్వము మీద నిలిచినది. పని చేయువానికి ఒకటిన్నర పౌను ధాన్యమును, పప్పును, కూరలును లేనిచో వాడు పని చేయుట యట్లుండ బ్రదుకుటయే కష్టమని ఆయన చూపెను. చెఱసాలలో ఖైదీలకిచ్చు ఆహారము, సిపాయికిచ్చు ఆహారము, కఱవుపనివానికిచ్చు ఆహారము ప్రక్కప్రక్కన ఉంచి పోల్చిన యా వాదమునకు టెంపుల్ వద్ద సరియైన సమాధానము లేకపోయెను. ఆకలి వలన ఎవడును నేరుగా చావడు. నీళ్లవిరేచనములు, వాపులు, జ్వరము, వాంతిభ్రాంతి వచ్చి చచ్చును. అధికారి ఆ రోగముల పేర్లు పుస్తకమున వ్రాసికొనును. కఱవు పేరు అందు కనబడదు. ఈ మర్మమును కార్నిష్ గట్టిగా పట్టుకొనెను. కొలది నెలలకే మద్రాసు ప్రభుత్వము కూలి కొంత పెంచి, పప్పును చేర్చెను. అది కార్నిష్ కోరినంత కాదు. టెంపుల్ విధించినంత తక్కువయు కాదు. ఆ నడుమ గడచిన నెలలలో చచ్చినవారి సంగతి ఈ వాదమున నెవరి ఖాతాకును ఎక్కలేదు.

వీరి వివాదమున కూలిని గూర్చినది ప్రసిద్ధమైనది. పనిని గూర్చినది అంత ప్రసిద్ధము కాదు. మద్రాసువారు మొదట రెవిన్యూ ఉద్యోగుల చేతిక్రింద ఊరూర చిన్నపనులు పెట్టించిరి. దొంగలెక్కలకు ఎడమిచ్చుచున్నవని టెంపుల్ వానిని నిందించి, ఇంజనీర్ల తనిఖీలో పెద్దపనులే ఉండవలెననెను. నింద పూర్తిగ అబద్ధము కాదు. చిన్నపనుల మీద లెక్క సరిగ నుండదు. మేస్త్రీ చేతివాటము కలదు. పెద్దపనిలో కొలత నిక్కముగ నుండును. కాని పెద్దపని దూరమున నుండును. ఇల్లు విడిచి, ముసలివారిని విడిచి, వేలమంది గుమిగూడిన శిబిరమునకు పోయినవాడు కూలితోబాటు వాంతిభ్రాంతిని సంపాదించెను. ఊరిచెఱువులో పూడిక తీసినవాడు రాత్రి తన యింట పండుకొనును; వాన వచ్చిననాడు తాను తీసిన గోతిలో నీరు నిలుచుట తానే చూచును. బాటప్రక్క కంకర కొట్టినవానికి మిగులునది కంకరకుప్ప. సముద్రతీరపు కాలువకు కఱవుపనిగా త్రవ్విన భాగము వలన బకింగ్‌హాం ప్రభువు పేరు నిలిచినది. బకింగ్‌హాం కాలువ యని నేటికిని అందుము. అట్టి పెద్దపని పెన్నేటి సీమలో చెఱువుల జీర్ణోద్ధారమై యుండినచో దాని పేరేదైనను బాగుగనే యుండెడిది.

పని చేయలేనివారికి గంజి శిబిరములు పెట్టిరి. ఊరిలో ఇల్లు కదలలేనివారికి కరణము, రెడ్డి ద్వారమున భత్యము పంచిరి. శిబిరమున వండిన అన్నము తినుటకు అగ్రవర్ణములవారు పెక్కుమంది రాలేదు. గోషాస్త్రీలు గడప దాటలేదు. వారి పంతమును నేడు మూఢత్వమని తేలికగ నవ్వవచ్చును. వారికి మాత్రము అది కఱవు పోయిన తరువాత తమ వారిలో తాము బ్రదుకవలసిన బ్రదుకు. ఒక పూట గంజికై దానిని వదలుకొనలేకపోయిరి. సాయము చేయువాడు పుచ్చుకొనువాని మానమును లెక్కింపకపోయిన, సాయము వాని గడప దాకపోయి వెనుదిరుగును.

మనసీమలో ఈ మర్మమెఱిగి దానము చేసినవారు లేకపోలేదు. 1866 నాటి కఱవులో కర్నూలు మండలపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి అన్నము పెట్టిరి. విక్టోరియా రాణి ఆయనకు పతకము పంపెను; జనులు పాట కట్టిరి. పతకము ఒక యింట నుండును, పాట సీమ యంతటను తిరుగును. ఐతే ఒక్క రెడ్డి ధాన్యపుకొట్టు రెండేండ్ల కఱవునకు ఓపలేదు. ధాత కఱవున సాయమునకు సముద్రము దాటవలసి వచ్చెను.

1877 ఆగస్టు 4న మద్రాసులో గవర్నరు అధ్యక్షతను సభ జరిగి ఇంగ్లండునకు తంతివార్త పంపబడెను. ఇట్టి విన్నపము తనను అడుగక చేసిరని లిట్టన్ కినిసెను. లండను నగరపు మేయరు సర్ థామస్ వైట్ తన మాన్షన్ హౌసున చందాల నిధిని తెఱచెను. లాంకషైరు మిల్లుపట్టణములనుండియు, ఆస్ట్రేలియా మున్నగు వలసరాజ్యములనుండియు సొమ్ము వచ్చి చేరెను. ఇంగ్లండునుండి పోగైనది 6,78,000 పౌన్లకు పైగా. మద్రాసు టైమ్సు సంపాదకుడు విలియం డిగ్బీ ఈ నిధి నడుపు సంఘమునకు కార్యదర్శిగా నుండెను. మఱుసటి యేట రెండు సంపుటముల గ్రంథమును వ్రాసి ఆ కఱవు కథనంతయు భద్రపఱచెను. ప్రభుత్వపు నడతను మెచ్చుకొనవలసిన చోట మెచ్చి, గట్టిగా గద్దింపవలసిన చోట గద్దించిన పుస్తకమది.

నిధి చేతికి వచ్చుసరికి 1877 సెప్టెంబరు, అక్టోబరులలో వాన కురిసినది. చందాలు ఎత్తుట త్వరలోనే ఆపిరి. వాన వచ్చిన తరువాత కఱవుసాయ మెందుకను ప్రశ్న లేకపోలేదు. సంఘమువారు ఆ ప్రశ్నకు తలయొగ్గకపోవుటయే వారు చేసిన మేలు. కురిసిన వానను పుచ్చుకొనుటకు పొలమున కాడి లేదు. కావున జిల్లా జిల్లాకు సంఘములేర్పఱచి, ఊళ్లలో జాబితాలు వ్రాయించి, చిన్న రైతులకు విత్తనములకును ఎద్దులకును, కూలిన యింటి పైకప్పునకును సొమ్ము పంచిరి. కట్టుకొన బట్ట లేనివారికి బట్టలిచ్చిరి. అనాథశిశువుల పోషణకును, శిబిరమునకు రాలేని గృహస్థులకును ఇంటివద్దనే సాయము చేసిరి. నిధిలో పెద్దభాగము రైతు మరల సేద్యమున నిలుచుటకే వ్యయమైనది. ఇది తక్కావివలె అప్పు కాదు. తిరిగి యడుగని సొమ్ము. ప్రభుత్వము ప్రాణమును నిలుపుటతో తన విధి తీఱినదనుకొన్న చోట, చందాలిచ్చినవారి సొమ్ము అంతకు ముందడుగు వేసినది. అడిగినది గవర్నరు, ఇచ్చినది సముద్రమునకావలి జనులు, కోపించినది వైస్రాయి. చరిత్రలో ఇట్టి త్రికోణములు అరుదు.

దీని కొఱతయు చెప్పవలెను. పొలము గలవానిని పొలమున నిలుపుట అనునప్పుడే పొలము లేనివాడు ప్రక్కకు తొలగును. మొదట ఆకలి తగిలిన మాల మాదిగ కూలివానికి ఎద్దుల సొమ్ము రాదు; వానికి ఎద్దులెప్పుడును లేవు. రైతు లేచిన కూలివాడును లేచునని సంఘమువారి తలంపు కాబోలు. అది కొంత నిజము. రైతు నిలద్రొక్కుకొనుటకు రెండు పంటలు కావలెను. అంతవఱకు కూలివాడు దేనిమీద నిలువవలెను? జాబితా వ్రాయు కలము కరణము చేతిలో నున్నప్పుడు, ఆ జాబితాలో పేరు చేరుట ఆకలిని బట్టి మాత్రమే జరిగినదనుటయు కష్టము. నేతగాండ్ర విషయమున మద్రాసు ప్రభుత్వము మేలైన పద్ధతి త్రొక్కెను: వారిని రాళ్లు కొట్టుటకు పంపక నూలిచ్చి నేయించి బట్ట కొనెను. నేతగాని వ్రేళ్లు కంకరకొట్టి మొద్దుబాఱిన పిమ్మట మగ్గమునకు పనికిరావని గ్రహించినవారు ఎవరో అచ్చట నుండిరి. ధర్మవరమువంటి నేతయూళ్లు గల సీమకు ఈ గ్రహింపు చిన్నది కాదు. తరువాతి క్షామనిబంధనలలోను ఇది చేరినది.

వాన వచ్చినను చావు ఆగలేదు. ఎండిన దేహముల మీద మన్యపుజ్వరము పడినది. 1871లో 16 లక్షలకు మించి యుండిన బళ్లారి మండలపు జనసంఖ్య 1881 నాటికి ఐదింట ఒక పాలు తఱిగినది. కర్నూలు అంతకంటె ఎక్కువ పోగొట్టుకొన్నది. పెరుగవలసిన పదియేండ్లలో తఱిగిన సంఖ్య గనుక నిజమైన నష్టము ఇంకను పెద్దది. బ్రిటిషువారి పాలనలోని ప్రాంతములన్నిట కలిసి 50 లక్షలకు మించి చచ్చిరి.

సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతను ఏర్పడిన క్షామవిచారణసంఘము 1880లో నివేదిక నిచ్చినది. దానినుండి క్షామనిబంధనలు పుట్టినవి: కఱవు సూచనలు ఎట్లు గుర్తింపవలెను, పనులెప్పుడు తెఱవవలెను, కూలి యెంత, పని చేయలేనివారి కేమి. కార్నిష్ వాదమున సారము కొంత వానిలో ఇంకినది. ఇంతకంటె ఈ సీమకు ఎక్కువ పనికివచ్చినది 1883లో మద్రాసు ప్రభుత్వము చేపట్టిన చెఱువుల జీర్ణోద్ధారణ పథకము. ఒక్కొక్క పరీవాహప్రదేశమును కొలిచి, అందలి చెఱువుల వరుసను గుర్తించి, ఏ కట్ట ఎంత ఎత్తుండవలెను, ఏ మరువ ఎంత వెడల్పుండవలెనని నిర్ణయించి బాగుచేయుట దాని యుద్దేశము. పై చెఱువు తెగిన క్రింది చెఱువులన్నియు వరుసగా తెగును. కావున ఒక చెఱువును విడిగా బాగుచేయుట వ్యర్థమను పాఠము ఇచ్చట మొదటిసారి లెక్కలతో వ్రాయబడినది. పని మాత్రము నత్తనడకను సాగినది. కఱవుల కొఱకని 1878లో ఏర్పఱచిన ఏటేటి నిధి అఫ్గాను యుద్ధమునకు మరలినదని ఆ కాలముననే విమర్శ చెలరేగెను. దాపున నున్న రాజులను గూర్చిన యాఱవ ఈతి ఈసారి కాబూలునుండి వచ్చినదన్నమాట.

1891–92లోను 1896–97లోను మరల వానలు తప్పినవి. నిబంధనలచొప్పున పనులు ముందుగా తెఱచుటచే చావులు ధాతతో పోల్చదగినంత లేవు. 1896–97 నాటికి గుంతకల్లునుండి ధర్మవరము, హిందూపురముల మీదుగా బెంగుళూరునకు రైలు వచ్చియుండెను. ధాన్యపుమూటకు ఎద్దుతో పని తప్పినది. 1952 నాటి రాయలసీమ కఱవులో గంజి కేంద్రములు మరల వెలసినవి. సైనికులు వచ్చి బావులు లోతుచేసిరి. అనంతపురమువాడైన విద్వాన్ విశ్వంగారి పెన్నేటి పాట ఆ దశాబ్దిలోనిదే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమునకు వచ్చి స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ధాత కఱవునాటి జాబితాలలో వెనుకబడిన కులములవారినే ముందు పెట్టుకొని పనికి దిగినది.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించుటకు ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అనంతపురము జిల్లాలోని బండ్లపల్లె యను పల్లెకు వచ్చిరి. దాని క్రింద పని యడిగిన కుటుంబమునకు సాలునకు నూఱు దినములు చట్టప్రకారము చూపవలసియుండెను. ఇల్లు విడిచి దూరము పంపరాదను నియమమును ఉండెను. నూటయిరువదితొమ్మిదేండ్లకు ముందు టెంపుల్ దుబారాయని త్రోసిపుచ్చిన ఊరిదగ్గఱి చిన్నపని ఆ విధముగ చట్టమున కెక్కెను. పనుల జాబితాలో చెఱువుల పూడికతీతయు, కట్టల బలపఱపును, వంకలకు అడ్డుకట్టలును ఉండెను. బండ్లపల్లెనుండి దక్షిణముగా పోయిన ధర్మవరము, పెనుకొండ దాటిన పిమ్మట పెన్నేటి సంగమము వచ్చును. మాధవరాజు 65 మళ్లు కొలిపించినది అచ్చటి చెఱువు క్రిందనే.